ఐదో కంచం

గుండ్లకమ్మనగర్‌లో పొద్దున్నే ఏడింటికి నీళ్ళు వస్తాయి, ఏడూ ఇరవైకి ఆగిపోతాయి. మనిషికి నలభై లీటర్లు, ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని నలభైలు. ఇది 2071. సముద్రం ముందుకొచ్చి తీరమంతా ఉప్పుబారిపోయాక మెట్ట భూముల్లో కొత్తగా కట్టిన ఊరిది. ఇక్కడి పిల్లలకు షవర్ అంటే ఏమిటో బొమ్మ గీసి చెప్పాలి.

అలాంటి ఊళ్ళో అంట్లు తోమడానికి ఇంటికి రోజూ ముప్ఫై లీటర్లు పోతున్నాయంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. డాక్టర్ తాటికొండ వకుళకు పదకొండేళ్ళ కిందటే మండింది. ఆవిడ ఒళ్ళు మండితే ఊరుకునే మనిషి కాదు. ప్రయోగశాల తలుపులు వేసుకుని కూర్చుని, నిర్జలిని తయారుచేసి బయటికొచ్చింది.

నిర్జలి అంటే నీళ్ళు లేకుండా గిన్నెలు శుభ్రం చేసే యంత్రం. పేరు వకుళ పెట్టుకున్నదే గానీ జనం పొడిపెట్టె అంటారు. అంట్లు అందులో పెట్టి తలుపు వేస్తే, ముందుగా అతిధ్వని తరంగాలు అంటుకున్న మెతుకుల్నీ ఎండిన పులుసునీ వణికించి ఊడగొడతాయి. తర్వాత శీతల ప్లాస్మా వస్తుంది. అదొక విద్యుత్ మేఘం, చెయ్యి పెట్టినా కాలనంత చల్లగా ఉంటుంది, కానీ జిడ్డును మాత్రం ముక్కలు చేసి బూడిదగా రాలుస్తుంది. చివర అతినీలలోహిత కాంతి. పదకొండు నిమిషాలకు గిన్నె మీద జిడ్డు ఉండదు, తడి ఉండదు, ఒక్క సూక్ష్మజీవి కూడా ఉండదు.

తడి లేకపోవడమే అసలు సంగతి. ఈ ముక్క వకుళ వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. క్రిములు బతకాలంటే తడి కావాలి. తోమిన గిన్నెలు బోర్లించే బుట్టలోనూ వాటిని తుడిచే గుడ్డలోనూ అవి పెరిగినట్టు ఇంట్లో ఇంకెక్కడా పెరగవు అనేది ఆవిడ. పొడి కంచం తీసుకోండి, అన్నం పెట్టుకోండి, తినండి. ఇందులో అర్థం కానిదేముంది?

జల మండలి రెండువందల ఇళ్ళను ఎంచి ఐదు నెలల పరీక్షకు పెట్టెలు ఇచ్చింది. ఇంటికి ఐదేసి కంచాలు కూడా ఇచ్చింది. ప్రతి కంచం అంచులోనూ బియ్యపు గింజంత క్రిమిమాపని ఉంటుంది. వేడి అన్నం కంచంలో పడగానే, ఆ క్షణాన కంచం మీద ఎన్ని క్రిములున్నాయో లెక్కపెట్టి ప్రయోగశాలకు పంపుతుంది. పరీక్ష నెగ్గితే ఊళ్ళో ప్రతి ఇంటికీ పెట్టె వస్తుంది. నెగ్గకపోతే ఇచ్చిన పెట్టెలు కూడా వెనక్కి తీసుకుని కరిగిస్తారు. వకుళ పదకొండేళ్ళూ దాంతోపాటే కరిగిపోతాయి.

నాలుగో నెల చివర సూక్ష్మజీవుల నిపుణుడు ఖాదర్ బాషా ఫలితాలు పట్టుకుని ఆమె గదిలోకి వచ్చాడు. పదేళ్ళుగా ఆమెతో పనిచేస్తున్నాడు కాబట్టి గుమ్మం దగ్గరే ఆగాడు.

"కూర్చుంటే చెప్తాను మేడమ్."

"నిలబడే వింటాను. చెప్పండి."

"పెట్టెలోంచి తీసినప్పుడు కంచం మీద సున్నా. అన్నం వడ్డించేసరికి చదరపు సెంటీమీటరుకు నాలుగు వేలు."

"పెట్టెకీ భోజనాల బల్లకీ మధ్య ఎంత దూరం ఉంటుంది?"

"ఏడెనిమిది అడుగులు."

"ఎనిమిది అడుగుల్లో నాలుగు వేలా?"

"చేత్తో తోముకునే ఇళ్ళకంటే ఇదే ఎక్కువ మేడమ్," అన్నాడు ఖాదర్ బాషా. ఆ మాట చెప్పడానికే గుమ్మం దగ్గర ఆగినట్టున్నాడు.

వకుళ పెట్టెల్ని అనుమానించింది, క్రిమిమాపనుల్ని అనుమానించింది, ఊళ్ళో గాలిని అనుమానించింది. అన్నీ సరిగానే ఉన్నాయి. ఇక మనుషులు మిగిలారు. మర్నాడు మధ్యాహ్నం ఆమె నూట పదిహేడో నంబరు ఇంటికి భోజనానికి వెళ్ళింది. ఆ ఇంటావిడ పేరు సుభాషిణి. బడిలో లెక్కలు చెబుతుంది, పొడిపెట్టె అంటే ప్రాణం పెడుతుంది. దానికి పూసల అంచు కుట్టిన గలేబు కూడా వేసింది.

"శుద్ధి పూర్తయింది. కంచాలు పొడిగా ఉన్నాయి," అంది పెట్టె.

సుభాషిణి తలుపు తెరిచి కంచం తీసింది. పక్కనే ఉన్న బిందెలో చెంబు ముంచి, అరచెంబు నీళ్ళు కంచంలో పోసి, గిర్రున తిప్పి ఒంపేసింది. కొక్కేనికి వేలాడుతున్న గుడ్డ తీసుకుని శుభ్రంగా తుడిచింది. అప్పుడు తెచ్చి వకుళ ముందు పెట్టింది.

"ఏం చేశారండీ ఇప్పుడు?" అంది వకుళ.

"ఏం చేశాను?"

"కంచం కడిగారు."

"కడగలేదండీ. ఊరికే తొలిచాను."

"పెట్టె శుభ్రం చేసింది కదా."

"చాలా బాగా చేస్తుందండీ. నేను మా స్టాఫ్ రూములో అందరికీ చెబుతుంటాను."

"మరి మళ్ళీ ఎందుకు తొలిచారు?"

సుభాషిణి ఆమె వంక జాలిగా చూసింది. ఇంత చదువుకున్న మనిషికి ఇది కూడా చెప్పాలా అన్నట్టుంది ఆ చూపు. "నీళ్ళు తగలకుండా ఒట్టి కంచంలో అన్నం ఎలా పెడతామండీ?"

"పోనీ, ఆ గుడ్డతో తుడిచారెందుకు?"

"తడిగా ఉండకూడదని మీరే చెప్పారు కదండీ."

వకుళకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఆవిడ పెట్టిన గుత్తివంకాయ కూర చాలా బాగుంది, అది ఇంకా చిరాకు తెప్పించింది. మనిషికి నలభై లీటర్లని లెక్కపెట్టి పోస్తున్న ఊళ్ళో, ఆ నీళ్ళు మిగల్చడానికి పదకొండేళ్ళు తిప్పలుపడి ఒక యంత్రం చేస్తే, అది ఇచ్చిన శుభ్రమైన కంచాన్ని అవే నీళ్ళు పోసి మురికి చేసుకుంటున్నారు. ఒక ఇంట్లో కాదు. ఆ వారం ఆమె తిరిగిన పద్నాలుగు ఇళ్ళలోనూ ఇదే వరస. చదువుకున్నవాళ్ళు, చదువుకోనివాళ్ళు, దేవుణ్ణి నమ్మేవాళ్ళు, నమ్మనివాళ్ళు, అందరూ తొలుస్తున్నారు. ఎందుకని అడిగితే ఒక్కరి దగ్గరా కారణం లేదు. చెయ్యి దానంతట అదే చెంబు మీదకి పోతుంది.

పెట్టెకు మాటలు నేర్పించింది. "దయచేసి కంచం తడపకండి," అని చెప్పించింది. జనం సరే సరే అంటూ తడిపారు. గొంతు పెంచి మందలించేలా మార్చింది. సుభాషిణి గలేబు ఇంకాస్త కిందికి లాగింది. ఒకాయన కంచం పట్టుకుని స్నానాలగదిలోకి వెళ్ళి అక్కడ తొలిచి తెచ్చుకున్నాడు. ఇంకో ఇంట్లో ముసలాయన, పోయిన మా అక్కయ్య కూడా ఇలాగే సణిగేదమ్మా, ఇల్లు ఇల్లులా ఉంది అని సంతోషించాడు.

పరీక్ష ముగియడానికి మూడు రోజులున్నాయి. వకుళ ప్రయోగశాలలో నిర్జలి కేంద్రమేధ ముందు కూర్చుంది. అన్ని ఇళ్ళ పెట్టెల లెక్కలూ చేరేది దాని దగ్గరికే.

"వెయ్యి కంచాలిచ్చాం," అందామె. "అందులో ఒక్కటంటే ఒక్కటి, అన్నం పెట్టేటప్పుడు శుభ్రంగా ఉన్నది లేదా?"

"నలభై ఒకటి ఉన్నాయి," అంది కేంద్రమేధ.

"ఐదు నెలల నుంచి ఎందుకు చెప్పలేదు?"

"మీరు సగటు అడిగారు. సగటే చెప్పాను."

"సరే, తల్లీ. ఇప్పుడు చెప్పు. వాటి మీద ఎన్ని క్రిములు?"

"సున్నా. ఐదు నెలలూ సున్నాయే."

ఖాదర్ బాషా చేతిలో టీ పక్కన పెట్టి దగ్గరికి వచ్చాడు. యంత్రం పనిచేస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఎవరూ పాడుచెయ్యకపోతే కంచం శుభ్రంగానే ఉంటోంది. మండలి ముందు ఇది పెడితే చాలు. వకుళ నెలల తర్వాత మొదటిసారి నవ్వింది.

"అవి ఏ కంచాలు? ఎవరా బుద్ధిమంతులు?"

"నలభై ఒక్క ఇళ్ళు. ఇంటికి ఒక్కటే, ఐదో కంచం. మిగతా నాలుగింటితో కలిపి దాన్ని పెట్టెలో పెట్టరు. అన్నీ అయ్యాక చివర్లో అదొక్కటే పెడతారు. తీశాక క్రిమిమాపనికి తడి తగలదు, అంటే తొలవరు. గుడ్డతో తుడవరు. నేరుగా అన్నం పడుతుంది, అది కూడా మధ్యాహ్నం రెండు దాటాక."

వకుళకు అర్థం కాలేదు. ఖాదర్ బాషాకు వెంటనే అర్థమైంది.

"పనిమనిషి కంచం మేడమ్," అన్నాడు. "మా అమ్మ ఎనిమిది ఇళ్ళలో వంట చేసేది. ఎనిమిది ఇళ్ళలోనూ ఆమెకి వేరే కంచం ఉండేది. వాళ్ళ కంచాలకి ఇది తగలకూడదని విడిగా పెడతారు. పనివాళ్ళ కోసం రేషను నీళ్ళు ఎవరు ఖర్చు పెడతారు? అందుకని తొలవరు. ఇంటి గుడ్డతో తుడవనివ్వరు. అందుకే అదొక్కటే శుభ్రంగా ఉంది."

వకుళ కుర్చీలోంచి లేచి గదిలో అటూ ఇటూ తిరిగింది. "సిగ్గుండాలి ఈ మనుషులకి. 2071లో, ఇంత చదువుకుని, పనిచేసే మనిషికి వేరే కంచమా? ఆ ఇళ్ళ నంబర్లు చదువు. అన్నీ చదువు."

"ఒకటి," అంది కేంద్రమేధ. "తొమ్మిది. పద్దెనిమిది. ముప్ఫై..."

"ఆగు. ఒకటా?"

"ఒకటో నంబరు ఇల్లు."

మొదటి పెట్టెను వకుళ తన ఇంట్లోనే పెట్టుకుంది. ఒకటో నంబరు ఇల్లు ఆమెదే. ఖాదర్ బాషా టీ తాగడం మొదలుపెట్టాడు. చల్లారిన టీని అంత శ్రద్ధగా తాగే పని లేదు.

"మా ఇంట్లో సామ్రాజ్యం తనే అలా విడిగా పెట్టుకుంటుంది," అంది వకుళ. "నేను ఎప్పుడూ అలా చెయ్యమని చెప్పలేదు."

"వద్దని చెప్పారా మేడమ్?"

ఆమె కాగితాలు సర్దుకుంది.

మండలి సమావేశం రెండు రోజుల తర్వాత పొద్దున జరిగింది. వకుళ అన్నీ దాచకుండా చెప్పింది. నలభై ఒక్క కంచాలు, అవి ఎవరివి, ఎందుకు శుభ్రంగా ఉన్నాయి, మిగతావి ఎందుకు లేవు. తన ఇంటి నంబరు కూడా చదివింది. సభ్యులు తలలు దించుకుంటారని అనుకుంది. వాళ్ళు చాలా ఆసక్తిగా విన్నారు.

"అంటే విడిగా పెట్టిన కంచమే శుభ్రంగా ఉంటుందన్నమాట," అన్నాడు అధ్యక్షుడు పురుషోత్తం.

"విడిగా పెట్టినందుకు కాదండీ. మనం చెయ్యి పెట్టనందుకు."

"అదే కదమ్మా నేను అంటున్నది. పెద్దవాళ్ళు ఏదీ ఊరికే పెట్టలేదు. ఇప్పుడు సైన్సు కూడా ఒప్పుకుంది."

"సైన్సు ఒప్పుకోలేదు. మీరు తిరగేసి చదువుతున్నారు."

ఆయన చేత్తోనే వారించాడు. ఆయనకొక ఆలోచన వచ్చింది, అది వచ్చాక ఆయనకి ఇంక ఏదీ వినపడదు. "పెట్టెకి కింద చిన్న అర ఒకటి చెయ్యండి. పనివాళ్ళ కంచానికి. అప్పుడు ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇంటింటా మనసారా వాడతారు."

"మా ఇంట్లో ఆ కంచం ఎక్కడ పెట్టాలో తెలియక కిటికీలో పెడుతున్నాం," అందొక సభ్యురాలు. "అర ఉంటే చాలా నయం."

అందరూ బల్లలు చరిచారు. వకుళ అరగంట వాదించింది. గోడకి చెప్పినా ఈపాటికి ఒక పెచ్చయినా ఊడేది. చివరికి పురుషోత్తం గడియారం చూసుకున్నాడు. రెండో అరకు ఒప్పుకుంటే ఊరంతా పెట్టెలు. ఒప్పుకోకపోతే పరీక్ష ఓడినట్టే, సోమవారం నుంచి పెట్టెలు వెనక్కి తీసుకుంటారు. సాయంత్రం ఐదింటిలోగా రాసి పంపమన్నాడు.

ఒప్పుకోను అని రాయాలనే ఆమె నిర్ణయించుకుంది. ఆ కోపంలోనే ఇంటికి వెళ్ళింది. రెండూ పది అయింది. వంటింట్లో సామ్రాజ్యం కందిపచ్చడి, చారు ముందు పెట్టుకుని, పెట్టెలోంచి తన కంచం తీస్తోంది. నలభై అయిదేళ్ళ మనిషి. పొడిపెట్టె వచ్చేదాకా ఇరవయ్యేళ్ళు ఇళ్ళలో అంట్లు తోమింది. వేళ్ళ సందుల్లో పగుళ్ళు ఇప్పుడిప్పుడే మానుతున్నాయి.

"ఆ కంచం నాకియ్యి," అంది వకుళ. "నేను దాంట్లో తింటాను. నువ్వు బల్ల దగ్గర కూర్చుని మా కంచంలో తిను."

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదు. కూర్చో."

సామ్రాజ్యం బల్ల మీదున్న కంచం వంక చూసింది. ఎత్తి వాసన చూసి మళ్ళీ పెట్టేసింది. "ఇది పొద్దున సారు తొలిచి ఆ గుడ్డతో తుడిచిందమ్మా. ఆ గుడ్డ ఉతికి వారం అయింది. నీళ్ళు లేవని ఉతకనియ్యలా. దీంట్లో నేను తినలేనమ్మా, ఏమనుకోమాకండి."

సారంటే తన భర్తే. వకుళ ముఖం ఎర్రబడింది. ఈ ఐదు నెలల్లో ఆమె చెప్పింది విన్న మనిషి ఊరంతటిలో ఈవిడ ఒక్కతే.

"సరే. నీ కంచం మాత్రం నాకియ్యి."

"నా కంచంలో మీరా?"

"ఏం? తినకూడదా?"

సామ్రాజ్యం ఒక్క క్షణం ఆలోచించి, రెండు చేతులతో కంచం ఇచ్చింది. వకుళకు దాని లెక్క తెలుసు. ఐదు నెలల సున్నా. ఆ ఇంట్లో, ఆ మాటకొస్తే ఆ వీధిలో, అంత శుభ్రమైన వస్తువు ఇంకోటి లేదు. మండలిలో పొద్దున అన్న మాటలన్నీ ఇంకా నాలుక మీదే ఉన్నాయి. కంచం పట్టుకుని అన్నం గిన్నె వైపు నడిచింది.

తనేం చేసిందో నీళ్ళ చప్పుడు విన్నాకే ఆమెకు తెలిసింది. ఎడమచేతిలో కంచం, కుడిచేతిలో ఖాళీ చెంబు. కంచం నిండా నీళ్ళు తిరుగుతున్నాయి. ఇన్ని నెలల్లో ఆమె ఈ పెట్టెలోంచి తీసిన కంచాన్ని ఒక్కసారి కూడా తొలవలేదు. తొలిసారి తొలిచింది ఈ కంచాన్నే.

ఆమె తల ఎత్తలేకపోయింది. కారణం అడిగితే చెప్పడానికి తన దగ్గర కూడా ఏమీ లేదు. ఉన్న కారణం చెప్పుకునేది కాదు.

సామ్రాజ్యం వచ్చి ఆమె చేతిలోంచి కంచం తీసుకుంది. నీళ్ళు జాగ్రత్తగా బిందె పక్కనున్న బకెట్టులోకి ఒంపింది. కంచాన్ని పెట్టెలో పెట్టి తలుపు వేసింది.

"మీరు కడిగారు గదమ్మా," అంది. "మళ్ళీ శుభ్రం చెయ్యాల."

పెట్టె సన్నగా మూలగడం మొదలుపెట్టింది. పదకొండు నిమిషాలు. వకుళ అక్కడే వంటింటి గట్టుకు ఆనుకుని, రెండో అర సంగతి, సాయంత్రం ఐదింటి సంగతి, ఒప్పుకోనని రాయబోతున్న సంగతి చెప్పింది.

"ఒప్పుకోకపోతే ఏమైద్దమ్మా?"

"పెట్టెలన్నీ తీసుకెళ్ళిపోతారు."

"అప్పుడు మళ్ళీ నేనే తోమాల," అంది సామ్రాజ్యం, తన వేళ్ళు చూసుకుంటూ. "ఒప్పుకోండి."

"వేరే అర అంటే నిన్ను అవమానించడం కాదూ?"

"అర లేనప్పుడు లేదా అమ్మా?"

వకుళ చేతిలోని ఖాళీ చెంబు బిందె మీద పెట్టింది.

"అర పెట్టియ్యండి," అంది సామ్రాజ్యం. "దానికి తాళం పెట్టి మా చేతికియ్యండి. ఇంట్లోవాళ్ళు ముట్టుకుంటే పాడైపోద్దని కాయితం మీద రాయండి. మేం చెప్తే ఎవురూ వినరు. మీరు రాస్తే వింటారు."

పెట్టె ఆగింది. సామ్రాజ్యం కంచం తీసుకుని, అన్నం పెట్టుకుని, కందిపచ్చడి కలుపుకుని తినడం మొదలుపెట్టింది. వకుళ తనకు ఏమీ వద్దని చెప్పి ముందుగదిలోకి వెళ్ళి మండలి పత్రం తెరిచింది. రెండో అరకు అంగీకారం అని రాసింది. దాని కింద ఒక షరతు చేర్చింది. ఆ అర పనిచేసే మనిషి వేలికే తెరుచుకోవాలి. కుటుంబ సభ్యులెవరి వేలికీ తెరుచుకోకూడదు.

షరతుకు కారణం రాయమని పత్రంలో చిన్న గడి ఉంది. ఆమె చాలాసేపు ఆ గడి వంకే చూస్తూ కూర్చుని, పరిశుభ్రత అని రాసి పంపించింది.